లైకులు సరే... గుమ్మం దాటి వచ్చేదెవరు?

క్రెయిగీబర్న్ (మెల్‌బోర్న్): ఆదివారం ఆరాధన ముగిసింది. కుర్చీలు మడిచి గోడకు పేరుస్తున్నాం. మా పాస్టర్‌గారు పక్కకొచ్చి, ‘‘బాబూ, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా! మన ఫేస్‌బుక్ పేజీ సంగతి కాస్త చూడు. ఎవరూ చూస్తున్నట్టు లేదు’’ అన్నారు. ఆయన్ని మేమంతా అయ్యగారు అని పిలుస్తాం. అయ్యగారు అడిగితే కాదనలేం.

పరాయి దేశంలో సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది మామూలే. ప్రింటర్ మొరాయించినా, మైకు గీపెట్టినా, ఎవరి ఫోన్‌లోనో వాట్సాప్ తెరుచుకోకపోయినా ముందు మనవైపే చూస్తారు. నేను బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ని. సోషల్ మీడియా నా వృత్తి కాదు. అయినా ‘‘రెండు నెలలు టైమివ్వండి అయ్యగారూ, మార్చి చూపిస్తాను’’ అని మాట ఇచ్చేశాను. అది 2024 జనవరి.

రెండు నెలలు కాదు, రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో నేను చేసిన తప్పులు, నేర్చుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాను. మాది చర్చి. కానీ గుడి కమిటీ నడిపేవారికి, తెలుగు అసోసియేషన్ చూసుకునేవారికి, బతుకమ్మ గ్రూపు పెట్టినవారికి కూడా ఇందులో ఎంతో కొంత పనికొస్తుందని నా నమ్మకం. విదేశాల్లో మన పేజీలన్నీ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి మరి.

కుర్చీకి కట్టిన ఫోన్

మెల్‌బోర్న్ నడిబొడ్డు నుంచి ఉత్తరంగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, హ్యూమ్ కౌన్సిల్ పరిధిలో ఉంది మా క్రెయిగీబర్న్. మెట్రో రైలు మా స్టేషన్‌తో ఆగిపోతుంది. 2021 జనగణన నాటికే ఇక్కడి జనాభా 65 వేలు. వీధిలోకి వెళ్తే పంజాబీ, అరబిక్, టర్కిష్ వినబడతాయి. ఇరాక్ నుంచి వచ్చిన అసిరియన్, కల్దీయ క్రైస్తవులు చుట్టుపక్కల బాగానే ఉన్నారు. తెలుగు కుటుంబాలూ ఏటికేడు పెరుగుతున్నాయి. ఆస్ట్రేలియా మొత్తం మీద ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 2016లో 34 వేల మంది ఉంటే, 2021 నాటికి 59 వేలు దాటారు.

మా సంఘానికి సొంత మందిరం లేదు. ఇక్కడి ఇంగ్లిష్ చర్చి వాళ్ల హాలు అద్దెకు తీసుకుంటాం. పొద్దున వాళ్ల ఆరాధన అయిపోయాక, మధ్యాహ్నం రెండున్నరకు మాది మొదలవుతుంది. వచ్చేవాళ్లలో ఒంగోలు బాప్టిస్టులున్నారు, గుంటూరు లూథరన్లున్నారు, మెదక్ సీఎస్‌ఐ వాళ్లున్నారు, పెంతెకొస్తు వాళ్లున్నారు. ఊళ్లో ఉంటే ఎవరి చర్చికి వాళ్లు వెళ్లేవాళ్లమే. ఇక్కడ మాత్రం తెలుగే మా అందరికీ కప్పు.

మా ఆన్‌లైన్ కథ కొవిడ్‌తో మొదలైంది. 2020 మార్చి చివర్లో ప్రార్థనా స్థలాలన్నీ మూతపడ్డాయి. అక్కడి నుంచి 2021 అక్టోబరు దాకా మెల్‌బోర్న్ ఆరుసార్లు లాక్‌డౌన్‌లోకి వెళ్లింది. లెక్క వేస్తే 262 రోజులు. అయ్యగారింట్లో డైనింగ్ కుర్చీకి రబ్బరు బ్యాండ్లతో ఫోన్ కట్టి, ఫేస్‌బుక్‌లో లైవ్ ఇచ్చేవాళ్లం. వెనక కుక్కర్ విజిల్ వినబడేది. అయినా ఎవరూ విసుక్కోలేదు. ఒంటరిగా గదిలో ఉన్న స్టూడెంట్లకు, ఎప్పింగ్‌లోని నార్తర్న్ హాస్పిటల్‌లో డ్యూటీ దిగి ఇంటికి వచ్చిన నర్సులకు ఆ గంటే ఆ వారానికి తోడు.

లాక్‌డౌన్ పోయింది, హాలు తెరిచారు. కానీ ఫోన్ మాత్రం అలాగే ఉండిపోయింది. ఎందుకు లైవ్ ఇస్తున్నాం, ఎవరి కోసం ఇస్తున్నాం అని మళ్లీ ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

అంకెలు పెరిగాయి, కుర్చీలు పెరగలేదు

నేను చేసిన మొదటి పని ఇంజినీర్లు చేసే పనే. కొత్త లోగో చేయించాను. యూట్యూబ్ ఛానెల్ సరిచేశాను. మొబైల్ నుంచి లైవ్ ఇవ్వాలంటే యూట్యూబ్‌లో కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. అందుకని ఇంటింటికీ ఫోన్ చేసి సబ్‌స్క్రైబ్ చేయించాను. మంచి మైకు కొన్నాం. అయ్యగారి వాక్యం నుంచి నిమిషం ముక్కలు తీసి రీల్స్ పెట్టాను. వారానికి ఐదు పోస్టులు, ఏ రోజు ఏది అని ఎక్సెల్ షీట్.

మూడు నెలల్లో అంకెలు మూడింతలయ్యాయి. కమిటీలో ప్రొజెక్టర్ పెట్టి గ్రాఫులు చూపించాను. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దాయన మాత్రం, ‘‘బాగుంది బాబూ. మరి పోయిన క్రిస్మస్‌కి ఎన్ని కుర్చీలు వేశామో ఇప్పుడూ అన్నే వేస్తున్నాం కదా?’’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి యూట్యూబ్ స్టూడియో తెరిచి, ఏ దేశం నుంచి ఎంతమంది చూస్తున్నారో చూశాను. అధిక భాగం భారత్ నుంచే. నిజానికి ఆశ్చర్యపోవాల్సింది లేదు. మాకు మధ్యాహ్నం రెండున్నర అంటే వేసవిలో ఇండియాలో ఉదయం తొమ్మిది, చలికాలంలో పది. అమ్మానాన్నలు, అత్తమామలు టిఫిన్ చేసి, తమ చర్చికి వెళ్లేలోపు మా లైవ్ పెట్టుకుంటారు. కొడుకు పాట పాడుతున్నాడా, మనవరాలు ఏ గౌను వేసుకుంది, కోడలు చిక్కిపోయిందా... ఇవన్నీ చూసుకుంటారు. మా అమ్మ కూడా అంతే. వాక్యం మొదలవగానే ఫోన్ పక్కన పెట్టేస్తుందని తనే చెప్పింది.

ఇది చిన్న విషయం కాదు. ఆ లైవ్ వాళ్లకు ఎంతో ఊరట. అయితే మేం అనుకున్న పని వేరు. ఈ ఊరికి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకు మేమున్నామని తెలియాలన్నది మా ఉద్దేశం. పేజీ పని చేస్తోంది కానీ, మేం అడిగిన పని చేయడం లేదు. పైగా వ్యూ అంటే ఎంత? వేలితో పైకి తోసేస్తూ ఒక క్షణం ఆగినా లెక్కలోకి వస్తుంది. గంట వాక్యంలో సగటున ఎంతసేపు చూశారన్న అంకె చూస్తే, అది మూడు నిమిషాలు దాటలేదు. ఈ సంగతి గ్రాఫులో నేను పెట్టలేదు.

తాళం వేసిన తలుపు

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. క్రెయిగీబర్న్ సెంట్రల్ షాపింగ్ మాల్‌లో మా ఆవిడ నాతో గట్టిగా ఏదో అంటోంది. పక్క వరసలో కూరగాయలు ఏరుకుంటున్న ఒక అమ్మాయి తెలుగు విని ఆగింది. మాటలు కలిశాయి. రాజమండ్రి వాళ్లు. భర్తకు ఎయిర్‌పోర్టులో షిఫ్టు ఉద్యోగం. చంటిబిడ్డ. మా ఇంటికి రెండు వీధుల అవతల ఎనిమిది నెలలుగా ఉంటున్నారు.

‘‘ఇక్కడ తెలుగు చర్చి ఉంది కదమ్మా, తెలియదా?’’ అని అడిగింది మా ఆవిడ.

‘‘తెలుసక్కా. ఫేస్‌బుక్‌లో చూశాను. ఒక ఆదివారం వచ్చాను కూడా. తాళం వేసి ఉంది.’’

మేం హాలు మారి ఏడాది దాటింది. పేజీలో పాత హాలు అడ్రసే ఉంది. ఆమె చలిలో పిల్లను స్ట్రోలర్‌లో పెట్టుకుని, బస్సు దిగి నడిచి, తాళం చూసి వెనక్కి వెళ్లింది. పేజీకి మెసేజ్ కూడా పెట్టిందట. ఎవరూ జవాబివ్వలేదు. ఇంటికొచ్చి వెతికితే ఆ మెసేజ్ ‘రిక్వెస్టులు’ అనే అరలో పడి ఉంది. ‘వందనాలు. మీ ఆరాధన ఎక్కడ జరుగుతుంది?’ అని. ఐదు నెలల కిందటిది.

ఆ ఐదు నెలల్లో నేను ఎన్ని రీల్స్ పెట్టానో! ఒక్కదానిలోనూ అడ్రస్ లేదు. ‘అందరూ రండి’ అని రాశాం. ఎక్కడికి రావాలో రాయలేదు.

మర్నాటి నుంచి పని వరస మార్చాం. ముందు రీల్స్ ఆపేశాం. పేజీలో అన్నిటికంటే పైన కనబడేలా ఒక పోస్టు పెట్టాం: హాలు అడ్రస్, ఏ గేటు నుంచి రావాలి, కారు ఎక్కడ పెట్టాలి, ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు ముగుస్తుంది, పిల్లలకు సండే స్కూల్ ఉందా, స్టేషన్ నుంచి ఎవరైనా ఎక్కించుకుంటారా. కొత్తగా వచ్చేవారి మనసులో ఉండి, అడగడానికి మొహమాటపడే ప్రశ్నలు కూడా రాశాం. చీర కట్టుకోవాలా? పిల్ల ఏడిస్తే ఏం చేయాలి? కానుక తప్పనిసరా? బాప్తిస్మం తీసుకోనివాళ్లు రావచ్చా? ఒక్కో దానికి ఒక్కో వాక్యంలో జవాబు.

తర్వాత గూగుల్ మ్యాప్‌లో మా ఆరాధన వివరాలు నమోదు చేశాం. దానికి డబ్బు అక్కర్లేదు. హాలు మారినా, పండగకు సమయం మారినా అక్కడ ఆ రోజే మార్చాలని నియమం పెట్టుకున్నాం. అక్టోబరు మొదటి ఆదివారం, ఏప్రిల్ మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు మారతాయి. ఆ వారం ఇండియా సమయం కూడా విడిగా రాస్తాం. లేకపోతే ఊళ్లో అమ్మలు గంటసేపు ఖాళీ తెర చూస్తూ కూర్చుంటారు.

మెసేజ్‌లకు జవాబివ్వడానికి ముగ్గురం వంతులు వేసుకున్నాం. ఎంత పనిలో ఉన్నా ఇరవై నాలుగు గంటల్లో జవాబు వెళ్లాలి. నిజం చెప్పాలంటే, ఈ రెండేళ్లలో మేం చేసిన పనుల్లో అన్నిటికంటే ఫలితం ఇచ్చింది ఇదే. దీనికి సాఫ్ట్‌వేర్ చదువు అవసరం లేదు.

‘సంఘానికి చెప్పాను, ఊరికి కాదు’

రెండో తప్పు ఇంకా పెద్దది. అది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఆ వ్యక్తిని అడిగాను. పేరు లేకుండా రాయమన్నాడు.

తెలుగు చర్చిలకు వెళ్లేవారికి తెలుసు. ఆరాధనలో సాక్ష్యాలు, ప్రార్థన మనవులు ఉంటాయి. ఎవరైనా లేచి తమ కష్టం, తమ సంతోషం నలుగురితో చెప్పుకుంటారు. ఒక ఆదివారం ఒక తమ్ముడు లేచాడు. ఉద్యోగం పోయి ఆరు వారాలైందని, ఇంటి లోను కట్టడం కష్టంగా ఉందని, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని చెప్పి ఏడ్చాడు. హాలంతా అతని కోసం ప్రార్థించింది. ఒకరు భుజం మీద చేయి వేశారు. నాకూ కళ్లు చెమర్చాయి.

కెమెరా నడుస్తూనే ఉంది. దాన్ని ఆపాలన్న ఆలోచన నాకు రాలేదు.

అరగంట గడవకముందే ఊళ్లో అతని మేనత్త లైవ్ చూసి అతని తల్లికి ఫోన్ చేసింది. తల్లికి బీపీ. ఉద్యోగం పోయిన సంగతి అతను ఇంట్లో చెప్పలేదు. సాయంత్రానికల్లా ఆ ముక్క బంధువుల వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. భార్య తరఫు వాళ్లు అడిగారు, చెల్లెలి అత్తగారు అడిగారు. మరుసటి రోజు అతను నాకు ఫోన్ చేశాడు. కోపంగా కాదు, మెల్లగానే మాట్లాడాడు. ‘‘నేను సంఘానికి చెప్పాను అన్నా, ఊరికి కాదు.’’

వీడియో తీసేశాను. కానీ ఒకసారి వాట్సాప్‌లోకి వెళ్లింది మన చేతిలో ఉండదు. 2025 ఫిబ్రవరి నుంచి ఫేస్‌బుక్ కొత్త లైవ్ వీడియోలను 30 రోజులే ఉంచుతోంది. అంతమాత్రాన అప్పటికే ఎవరో దాచుకున్న ముక్క పోదు కదా.

అతను రెండు నెలలు చర్చికి రాలేదు. నేనూ అయ్యగారూ వాళ్లింటికి వెళ్లాం. వాళ్లావిడ టీ ఇచ్చింది. నేను క్షమాపణ చెప్పాను. అతను ఏమీ అనలేదు. ఉద్యోగం వచ్చాక మళ్లీ రావడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ కెమెరాకు కనబడని మూల చూసుకుని కూర్చుంటాడు. నేను ఆ మూలకేసి చూసినప్పుడల్లా ఆ మాటే గుర్తొస్తుంది.

ఆ తర్వాత మా నియమం ఇది: పాటలు, వాక్యం మాత్రమే లైవ్. సాక్ష్యాలకు ముందు లైవ్ ఆగిపోతుంది. ఆపేశామని ముందు నుంచి వినబడేలా చెబుతాం. మనవులు పేజీ మీద రాయం. ఎవరి ఆస్పత్రి ఫొటో పెట్టం. వీసా సంగతి, కాపురం సంగతి, ఆరోగ్యం సంగతి నాలుగు గోడల మధ్యే ఉంటుంది. దీంతో వ్యూస్ తగ్గాయి. ఏడుపు వచ్చే వీడియోలే ఎక్కువ తిరుగుతాయి మరి. తగ్గితే తగ్గనీ అన్నారు అయ్యగారు. విచిత్రమేమిటంటే, కెమెరా ఆపాక లేచి మాట్లాడేవాళ్లు పెరిగారు. అంతకుముందు కొందరు ఎందుకు నోరు విప్పలేదో అప్పుడు అర్థమైంది.

పిల్లల లైకులు

క్రిస్మస్ నాటికలో పిల్లల ఫొటోలు పెట్టడం మాకు మహా సరదా. చిన్న చిన్న దేవదూతలు, గొర్రెల కాపరులు. ఒక తల్లి వచ్చి, ‘‘మా పాప ఫొటో తీసేయండి బ్రదర్, ఇంట్లో వేరే సమస్య ఉంది’’ అన్నప్పుడు మెలకువ వచ్చింది. విక్టోరియా రాష్ట్రంలో పిల్లల భద్రతకు 11 ప్రమాణాలు 2022 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి. పిల్లలతో పని చేసే మత సంస్థలకూ అవి వర్తిస్తాయి. పిల్లలు తిరిగే చోటుతో పాటు ఆన్‌లైన్ కూడా వారికి భద్రంగా ఉండాలని వాటిలో ఒకటి చెబుతుంది. ఇప్పుడు తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఫొటో పెడతాం. పెట్టినా పేరు రాయం, ఏ స్కూలో రాయం.

గత డిసెంబరు 10 నుంచి మరో మార్పు వచ్చింది. పదహారేళ్లలోపు పిల్లలకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్, టిక్‌టాక్, యూట్యూబ్ వంటి వాటిలో ఖాతాలు ఉండకూడదని ఆస్ట్రేలియా చట్టం అమల్లోకి తెచ్చింది. పాటించకపోతే జరిమానా పిల్లలకో తల్లిదండ్రులకో కాదు, కంపెనీలకు. గరిష్ఠంగా 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల వరకు. వాట్సాప్ ఆ జాబితాలో లేదు.

ఆ వారం మా పేజీకి లైకులు ఉన్నట్టుండి పడిపోయాయి. ఏ సాంకేతిక లోపమో అని గంటసేపు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. మా పద్నాలుగేళ్ల అమ్మాయి సోఫాలో నుంచే చెప్పింది: ‘‘నాన్నా, క్రెయిగీబర్న్ నుంచి నీ ఇన్‌స్టాగ్రామ్‌కి ఇన్నాళ్లూ లైకులు కొట్టింది మేమే. సండే స్కూల్ టీచర్ కొట్టమన్నారు.’’

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తర్వాత ఆలోచిస్తే, పిల్లలకు ఆసక్తి ఉన్నది లైకుల్లో కాదని అర్థమైంది. వాళ్లకు చేయడం ఇష్టం. ఇప్పుడు చర్చి లాప్‌టాప్ మీద పోస్టర్లు వాళ్లే డిజైన్ చేస్తారు. వాక్యం ముక్కలకు ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు వాళ్లే రాస్తారు. ఖాతా పెద్దలది, పని పిల్లలది. సబ్‌టైటిల్ రాయాలంటే అయ్యగారి తెలుగు అర్థం కావాలి కదా! ‘కృప’కి, ‘కనికరం’కి తేడా ఏమిటని మా అమ్మాయి అడిగిన రోజు, ఈ రెండేళ్ల శ్రమ గిట్టుబాటైందనిపించింది.

పాటలు, దొంగలు, భద్రత

మరో మూడు సంగతులు క్లుప్తంగా.

ఒకటి, పాటలు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి పాతతరం వారి కీర్తనలకు ఇప్పుడు కాపీరైట్ లేదు. మనం పాడుకుని పెట్టుకోవచ్చు. కానీ అదే కీర్తనను ఎవరో రికార్డు చేసిన ట్రాక్ వెనకాల వేసుకుంటే ఆ రికార్డింగ్ మీద వాళ్లకు హక్కు ఉంటుంది. యూట్యూబ్ పసిగట్టి అభ్యంతరం పంపుతుంది. మాకు రెండుసార్లు వచ్చింది. కొత్త పాటలైతే హాల్లో పాడటానికి ఒక లైసెన్సు, ఆన్‌లైన్‌లో ప్రసారం చేయడానికి మరొకటి ఉంటాయి. సీసీఎల్‌ఐ అనే సంస్థ చర్చిలకు వీటిని ఇస్తుంది. మన తెలుగు పాటలన్నీ వాళ్ల జాబితాలో ఉంటాయని అనుకోకూడదు, చూసుకోవాలి. మేం ఇప్పుడు ట్రాకులు మానేసి తబలా, కీబోర్డుతో పాడుతున్నాం. శ్రుతి తప్పినా అది మాదే.

రెండు, దొంగ ఖాతాలు. పాస్టర్ ఫొటో పెట్టి, ‘ఆపదలో ఉన్నాను, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపండి’ అనే మెసేజ్‌లు ప్రపంచమంతా చర్చిలకు వస్తున్నాయి. అయ్యగారి పేరుతో మాకూ వచ్చింది. ఒక ఆంటీ కార్డు కొనడానికి బయల్దేరి, దారిలో అనుమానం వచ్చి ఫోన్ చేసింది. అందుకే పేజీలో ఒక వాక్యం శాశ్వతంగా ఉంచాం: అయ్యగారు మెసేజ్‌లో ఎప్పుడూ డబ్బు అడగరు. పెద్దవాళ్లకు వాట్సాప్ గ్రూపు బదులు ఛానెల్ పెట్టాం. గ్రూపులో అందరి నంబర్లు అందరికీ కనబడతాయి. ఛానెల్‌లో కనబడవు.

మూడు, లైవ్ భద్రత. 2024 ఏప్రిల్ 15న సిడ్నీ శివారు వేక్లీలోని అసిరియన్ చర్చిలో, ఆరాధన లైవ్ వెళ్తుండగానే బిషప్ మార్ మారీ ఇమ్మానుయేల్‌పై కత్తితో దాడి జరిగింది. ఆయన కోలుకున్నారు. కానీ ఆ దృశ్యం నిమిషాల్లో ఫోన్ల మీదికి పాకింది. చర్చి బయట జనం పోగై పోలీసులతో గొడవ కూడా జరిగింది. ఆ వీడియో తొలగింపుపై ఈ-సేఫ్టీ కమిషనర్‌కు, ఎక్స్ సంస్థకు మధ్య కోర్టు దాకా వెళ్లింది. మా చుట్టుపక్కల అసిరియన్ కుటుంబాలు ఉన్నాయి కాబట్టి ఆ భయం మాకు దగ్గరగా తెలిసింది. అప్పటి నుంచి లైవ్ నడిచినంతసేపు ఒకరు లాప్‌టాప్ దగ్గరే కూర్చుంటారు. ఏదైనా జరిగితే ప్రసారం ఆపడమే వారి పని. ఆ సమయంలో వారు పాట కూడా పాడరు.

ఇప్పుడు ఏం లెక్కపెడుతున్నాం?

హాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఒక మామూలు నోటు పుస్తకం ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఇష్టమైతే పేరు రాస్తారు. మా గురించి ఎలా తెలిసిందని మాటల్లో అడుగుతాం.

ఆ పుస్తకం తిరగేస్తే ఒక విషయం తేలింది. ఫేస్‌బుక్ చూసి నేరుగా వచ్చినవాళ్లు తక్కువ. ‘ఆఫీసులో ఒకాయన చెప్పారు’, ‘ఇండియన్ షాపులో ఒక ఆంటీ కలిసింది’, ‘హాస్పిటల్‌లో ఒక సిస్టర్ రమ్మంది’. దాదాపు అందరిదీ ఇదే మాట. కానీ వాళ్లలో చాలామంది ఆ మాట విన్నాక మా పేజీ తెరిచి చూశారు. ఇంకా నడుస్తోందా? మొహాలు ఎలా ఉన్నాయి? పిల్లలున్నారా? దారి ఎటు? ఇవి చూసుకుని వచ్చారు. అంటే పిలిచేది మనిషి. ఆ పిలుపు నిజమేనని ధైర్యం చెప్పేది పేజీ. నేను మొదట్లో మనిషి పని పేజీకి అప్పగించి కూర్చున్నాను.

అందుకే ఇప్పుడు కమిటీలో గ్రాఫులు చూపించను. మూడే లెక్కలు చెబుతాను. ఈ నెల ఎన్ని మెసేజ్‌లు వచ్చాయి, అన్నిటికీ ఒక్కరోజులో జవాబు వెళ్లిందా? మొదటిసారి వచ్చిన కుటుంబాలు ఎన్ని? వాళ్లలో రెండోసారి వచ్చినవి ఎన్ని? మూడోదే అసలు లెక్క.

పోస్టులు వారానికి ఐదు నుంచి రెండుకు తగ్గాయి. ఒకటి ఆదివారం వివరాలు. రెండోది ఎవరికైనా పనికొచ్చేది: కొత్తగా దిగిన స్టూడెంట్‌కు గది, అమ్మానాన్నలు వస్తుంటే ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడానికి సాయం, చలికాలం దుప్పట్లు ఎవరి దగ్గరైనా అదనంగా ఉన్నాయా... ఇలాంటివి. ఇందులో మతం అడగం. ప్రేమవిందు రోజున పలావు గిన్నె ఫొటో పెడితే వచ్చినన్ని కామెంట్లు వాక్యం రీల్‌కు ఎప్పుడూ రాలేదని అయ్యగారే నవ్వుతూ చెబుతారు.

మీ పేజీ నడిపేవారికి నాలుగు మాటలు

• ముందు ఈరోజే మీ పేజీలో అడ్రస్, సమయం సరిగ్గా ఉన్నాయో చూడండి. ‘రిక్వెస్టుల’ అరలో పడి ఉన్న పాత మెసేజ్‌లు తెరవండి.

• ఎవరి కోసం పెడుతున్నారో తేల్చుకోండి. ఊళ్లో అమ్మానాన్నల కోసం పెట్టేది వేరు, ఇక్కడి కొత్తవాళ్ల కోసం పెట్టేది వేరు. రెండూ అవసరమే, కలిపేయకండి.

• ఎవరి కన్నీళ్లూ, ఎవరి పిల్లల ముఖాలూ అడగకుండా పెట్టకండి.

• పాస్‌వర్డ్ ఒక్కరి చేతిలో ఉంచకండి. కనీసం ఇద్దరు అడ్మిన్లు ఉండాలి. ఆ ఒక్కరు ఊరు మారితే పేజీ అనాథ అవుతుంది.

పోయిన ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరిగాయి. చలి మొదలైంది. ఆరాధనకు ముందు నేను కేబుళ్లు సర్దుతుంటే, తాళం వేసిన తలుపు చూసి వెనక్కి వెళ్లిన ఆ రాజమండ్రి అమ్మాయి గుమ్మం దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. చంటిబిడ్డ ఇప్పుడు హాలంతా పరుగులు తీస్తోంది. మెసేజ్‌లకు జవాబిచ్చే వంతుల్లో ఇప్పుడు ఆమె కూడా ఉంది. మా అందరికంటే ముందు జవాబిచ్చేది తనే. ఎవరో కొత్తవాళ్లు దారి అడుగుతున్నట్టున్నారు. అడ్రస్ చెప్పి, గేటు గుర్తు చెప్పి, చివర్లో అంది:

‘‘తలుపు తీసే ఉంటుందండీ. వచ్చేయండి, గుమ్మం దగ్గర నేనుంటాను.’’